రోజూ పావుగంట, అదే మిద్దె: ఏడాది పొడవునా పిట్టల లెక్క

చలికాలంలో కోయిల ఎక్కడికి పోతుందని అడిగితే మా నల్లగొండలో చాలామంది "ఎటో పోతది, ఉగాదికి మళ్ల వస్తది" అంటారు. ఎటూ పోదు. మీ వీధిలో రావి చెట్టు కాయల మీద ఉంటే ఆ కొమ్మల్లోనే కూర్చొని తింటుంటుంది, కాకపోతే కూయదు. మగ కోయిల నల్లగా ఉంటుంది కాబట్టి కాకి అనుకొని వదిలేస్తాం. ఆడదానికి గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు ఉండేసరికి అది కోయిలేనని చాలామందికి తట్టదు కూడా.

పక్షుల పాట చాలావరకు జత కోసం, జాగా కోసం. మగపక్షి పాడాలంటే ఒంట్లో హార్మోన్లు పెరగాలి, అవి పెరగడానికి చాలా పక్షుల్లో మొదటి సంకేతం పగటి పొడవు. విచిత్రం ఏమిటంటే ఆ వెలుతురును పసిగట్టేది కళ్లు మాత్రమే కాదు, పుర్రె ఎముకలోంచి లోపలికి దిగే కొద్దిపాటి వెలుగును మెదడులోని కణాలే నేరుగా గుర్తుపడతాయి. నల్లగొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, మనకు డిసెంబరు చివర్లో పగలు 11 గంటల పైచిలుకు, జూన్ చివర్లో 13 గంటల పైచిలుకు. ఈ రెండు గంటల తేడాకు తోడు వానలు, తిండి దొరకడం, ఇవన్నీ కలిసి ఏ పిట్ట ఎప్పుడు గూడు కట్టాలో నిర్ణయిస్తాయి. కోయిల లెక్క ఇంకొంచెం వేరు, అది కాకి గూట్లో గుడ్డు పెడుతుంది కాబట్టి కాకి గూడు కట్టే కాలాన్నే అదీ పట్టుకోవాలి.

ఇదంతా పుస్తకంలో చదివితే ఒక పేరా. రోజూ పావుగంట మిద్దె మీద నిలబడి చూసినవీ విన్నవీ రాసుకుంటూ పోతే మాత్రం ఆ పేరా మీ వీధిలోనే జరుగుతూ కనబడుతుంది. ఏడాదిలో ఏ ఒక్క రోజూ మానకుండా ఒక లిస్టు రాయాలని ప్రపంచమంతటా చాలామంది తమకు తాము పందెం పెట్టుకుంటారు, నేనూ పెట్టుకున్నాను. దీనికి ఎక్కువమంది వాడేది ఈబర్డ్. అమెరికాలో కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం, ఆడుబాన్ సంస్థ కలిసి 2002లో మొదలుపెట్టిన ఉచిత వేదిక ఇది, 2021 నాటికే అందులో చేరిన పరిశీలనలు 100 కోట్లు దాటాయి. ఫోన్లో యాప్ తెరిచి, ఎక్కడున్నారు, ఎంతసేపు చూశారు, ఎన్ని పిట్టలు అని నింపడమే.

బిగ్ ఇయర్ అని ఇంకో రకం పందెం ఉంది, ఒక ఏడాదిలో ఎన్ని ఎక్కువ జాతులు చూస్తే అంత గొప్ప. దానికి అమ్రాబాద్ అడవికీ జూరాల డ్యాముకూ తిరగాలి, బండి కావాలి, సెలవులు కావాలి. అది ఆనందమే, కాదనను. కానీ సైన్సుకు అంతకంటే ఎక్కువ పనికొచ్చేది ఒకే చోట, ఒకే వేళకు, విసుగు లేకుండా రాసే మామూలు లిస్టేనని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను.

లిస్టు పూర్తిచేసేటప్పుడు ఈబర్డ్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా, లేక నచ్చినవే రాశారా? అన్నీ రాశానని చెప్పినప్పుడే, లిస్టులో లేని పిట్టకు కూడా అర్థం వస్తుంది. కాకి, పావురం, గోరింక అంటూ రోజూ అవే రాయడం చాదస్తంలా అనిపిస్తుంది గానీ, అవి రాయకపోతే రేపు అవి తగ్గిపోయినా ఎవరికీ తెలియదు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. మీ ఇంటి దగ్గర పైడికంటి గుడ్లగూబ ఒకటి ఉందనుకోండి, పావుగంటలో అది మీకు కనబడే అవకాశం 100కు 20. ఒక్క రోజు కనబడకపోతే దానికి ఏ అర్థమూ లేదు. అది అక్కడ ఉండి కూడా వరుసగా 10 రోజులు మీ కంట పడకుండా పోయే అవకాశం 100కు 11 దాకా ఉంటుంది. అదే 30 రోజులైతే 1000లో ఒక్కటి. అంటే నెల రోజుల లిస్టుల్లో దాని పేరు లేదంటే అది నిజంగానే వెళ్లిపోయిందని చెప్పే ధైర్యం వస్తుంది. ఒక రోజు చూసినవాళ్లకు, నెలకోసారి జూరాల వెళ్లొచ్చేవాళ్లకు ఆ ధైర్యం ఉండదు.

డిసెంబరులో కోయిల పేరు ఎప్పుడో ఒకసారి వస్తుంది, ఏప్రిల్‌లో రోజూ వస్తుంది. అంతమాత్రాన ఏప్రిల్‌లో కోయిలలు ఎక్కువయ్యాయని కాదు, మనకు తెలియడం ఎక్కువైంది. శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ విడదీయగలిగేది ఇలాంటి వరుస లిస్టుల వల్లే.

మా వైపు ఈ పందెంలో అందరూ భయపడే నెల మే. పొద్దున ఎనిమిదికే మిద్దె కాలుతుంటుంది, మధ్యాహ్నానికి 44, 45 డిగ్రీల ఎండ, పిట్టలు నీడ వదిలి రావు. పక్షులకు చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పుతూ గొంతులోని తడిని ఆవిరిచేసి ఒంటిని చల్లబరుచుకుంటాయి, గోడ మీద కాకి నోరు తెరుచుకొని కూర్చుంటే అదే పని చేస్తోందని అర్థం. అయినా నాకు మే నెల లిస్టులే ఇష్టం, తీతువు పిట్ట వల్ల. మా కాలనీ చివర వెంచర్ కోసం చదును చేసి కంకర పోసిన ప్లాట్లు ఉన్నాయి. తీతువు గూడు కట్టదు, ఆ కంకరలోనే చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది, వాటి మీది మచ్చలు రాళ్ల రంగులో ఎంత కలిసిపోతాయంటే రెండు గజాల దూరం నుంచి చూసినా రాయేదో గుడ్డేదో తేలదు. అంత ఎండలో గుడ్డును వదిలేస్తే లోపలి పిల్ల ఉడికిపోతుంది, అందుకే తల్లీతండ్రీ వంతులవారీగా వచ్చి నీడ పడతాయి. ఆ వంతు మారేముందు చూడాలి. వచ్చే పిట్ట నేరుగా గుడ్ల దగ్గరికి రాదు. ముందు కాలువ నీళ్లలో పొట్ట ముంచి, ఈకలు బాగా నానిందాకా అటూ ఇటూ ఊగి, ఆ తడి పొట్టతో నడుచుకుంటూ వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. నీళ్లు మోసుకొచ్చి గుడ్లను తడుపుతోందన్నమాట. దాని కూత కీడని మన పెద్దలు అంటారు గానీ, అర్ధరాత్రి అది అరిచిందంటే ఏ కుక్కో మనిషో గుడ్ల దిక్కుగా వస్తున్నారని, అంతే.

జూన్‌లో తొలకరితో పాటు చాతకం వస్తుంది. నలుపు తెలుపు ఒళ్లు, నెత్తిన కుచ్చు, కోయిలకు చుట్టమే, ఇదీ వేరే పిట్టల గూళ్లలోనే గుడ్లు పెడుతుంది. మన దగ్గరికి వానతో వచ్చే చాతకాలు ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం మీదుగా, నైరుతి గాలుల తోడుతో వస్తాయి. అది మీ ఊరి తుమ్మ చెట్టు మీద మొదటిసారి ఏ తేదీన కూసిందో రోజూ రాసేవాళ్లే చెప్పగలరు, అలాంటి తేదీలు ఊరూరా పోగైతేనే ఋతువులు ముందుకో వెనక్కో జరుగుతున్నాయో లేదో తేలుతుంది.

ఆ తర్వాత గిజిగాడు. పాత వ్యవసాయ బావి మీదికి వంగిన ఈత చెట్టు ఎక్కడైనా ఉంటే వానాకాలంలో ఒక పూట దాని కిందే గడపండి, ఆ రోజు లిస్టు అక్కడి నుంచే రాయండి. మగ గిజిగాడు ఈతాకు అంచును ముక్కుతో కొరికి, పట్టుకొని ఎగురుతుంది, ఆ ఊపుకు సన్నని పీచు చీలి వస్తుంది. ఒక్క గూటికి ఇలా 500 సార్ల దాకా తిరుగుతుంది. ముందు కొమ్మకు ముడి, దాని కింద రింగు, ఆ రింగు మీద సగం కప్పిన టోపీ ఆకారం. అక్కడ ఆపేస్తుంది! ఆడపిట్ట వచ్చి లోపల కూర్చొని, ముక్కుతో లాగి చూసి, నచ్చితేనే మిగతా పని, కింది గొట్టం సహా. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది, మగది పక్కన ఇంకోటి మొదలుపెడుతుంది. లోపలి గోడకు తడి మట్టి ముద్దలు అంటించడం కూడా ఉంది, అవి ఎందుకన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది. మిణుగురు పురుగులను అతికించి దీపం పెట్టుకుంటుందన్న కథ మాత్రం నిజం కాదు.

దసరాకు పాలపిట్ట. పండుగ నాడు దాన్ని చూడాలని పొలాల వెంట తిరగడం మన దగ్గర ఇప్పటికీ ఉంది, 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఎగిరినప్పుడు రెక్కల్లో మెరిసే ఆ నీలం నిజానికి రంగు పదార్థం కాదు. ఈక లోపల కెరటిన్ (మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే పదార్థం) నురగలాంటి సూక్ష్మ నిర్మాణంగా ఉంటుంది, దానిలోని గాలి అరల మధ్య వెలుగు చెదిరి నీలం మాత్రమే బయటికి వస్తుంది, ఈకను మెత్తగా నూరితే ఆ నీలం మిగలదు. సి.వి. రామన్ 1934లో పక్షి ఈకల రంగుల మీద రాసిన పరిశోధన పత్రానికి తీసుకున్నది ఈ పాలపిట్ట ఈకలనే. ఇంత పిట్టను కొందరు పట్టి పంజరంలో పెట్టి, దసరా నాడు చూపించి డబ్బులు తీసుకుంటారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. అలా చూపించేవాళ్లకు దయచేసి రూపాయి కూడా ఇవ్వకండి, ఊరు దాటి కిలోమీటరు నడిస్తే కరెంటు తీగ మీద దొరుకుతుంది దర్శనం.

ఎన్నాళ్లు దొరుకుతుందన్నదే నా బాధ. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది, దానికి ఆధారం దాదాపు 30,000 మంది పిట్టలు చూసేవాళ్లు ఈబర్డ్‌లో రాసిన 3 కోట్ల పరిశీలనలు. పాలపిట్ట దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గిందని, దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక చెప్పింది. నెమలి, కోయిల, పావురం పెరిగాయి. బీళ్లలో బతికేవి, వేటాడేవి, చలికాలం వలస వచ్చేవి ఎక్కువగా తగ్గాయి. ఇది చదివాక పాలమూరు, నల్లగొండ పల్లెల చుట్టూ చూడండి: పశువులు మేసే బీడు ఏదీ, పనికిరాని భూమి అంటూ అన్నిటికంటే ముందు ప్లాటుగా మారేది అదే. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే హ్యారియర్ గద్దలు రాత్రి నిద్రపోయేది చెట్టు మీద కాదు, ఆ గడ్డిలో నేల మీదే. పగలు అవి తినేవాటిలో మిడతలు చాలా ఎక్కువ. మనకు బీడు, వాటికి ఇల్లు.

చెరువుల సంగతి ఇంకో రకం. కందూరు చోళుల కాలం నాటి పానగల్లు ఉదయ సముద్రం ఇప్పుడు కృష్ణా నీళ్లతో నిండుతుంది, నిండు చెరువును చూస్తే ఎవరికైనా సంతోషమే, నీటికాకులకూ బొల్లికోళ్లకూ పండుగే. ఉల్లంకులకు మాత్రం లోతు నీళ్లు అక్కర్లేదు, నీరు తగ్గి బయటపడ్డ బురద అంచు కావాలి. వాటిలో ఒక్కోదాని ముక్కు ఒక్కో పొడవు, ఒక్కోటి ఒక్కో లోతు బురదలో పురుగు వెతుకుతుంది. చెరువు ఎప్పుడూ అంచుదాకా నిండి ఉంటే వాటికి కంచం లేనట్టే. రెండూ కావాలంటే ఒక చెరువు నిండినా పక్క ఊరి కుంట ఎండాకాలానికి పల్చబడనివ్వాలి.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు, మన నల్లమలలోని ఫరహాబాద్‌లోనూ ఆగారు. ఆయన రాసిపెట్టడం వల్లే అప్పుడు ఇక్కడ ఏముండేదో ఈ రోజు మాట్లాడుకోగలుగుతున్నాం. అయితే ఆయన ఒక్కో మకాంలో ఉన్నది కొన్ని రోజులే. అదే చోట నాలుగు కాలాలూ ఉండేది మనం.

మొదలుపెట్టాలనుకుంటే బైనాక్యులర్ లేకపోయినా పర్లేదు, మిద్దె, నోటు పుస్తకం లేదా ఫోను చాలు. కూతను బట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్ బాగా పనికొస్తుంది, కానీ అది చూపిన పేరును కంటితోనో చెవితోనో నిర్ధారించుకున్నాకే రాయండి, అనుమానం ఉంటే వదిలేయండి. జ్వరమొచ్చినా, ఊరెళ్లినా, పెళ్లిలో ఉన్నా ఆ రోజు లిస్టు అక్కడి నుంచే పెట్టొచ్చు, కిటికీలోంచైనా సరే. జనవరి 1 దాకా ఆగమని నేను చెప్పను. మన దగ్గర ఆగస్టు చివరి వారం మంచి ముహూర్తం. మొదటి నెల అంతా ఊరి పిట్టలను వరుసగా రాస్తూ చేయి తిరుగుతుంది, ఆ వెంటనే చలికాలపు వలస పిట్టల రాక మొదలవుతుంది, గట్ల మీద తోక ఆడిస్తూ నడిచే వాగ్‌టెయిల్ దిగుతుంది, వేప చెట్టులో ఏడెనిమిది గ్రాములకు మించని గ్రీనిష్ వార్బ్లర్ కొత్త కూత వినబడుతుంది, నాలుగు వారాల లిస్టుల్లో లేని పేరు ఆ రోజు వచ్చింది కాబట్టి అది వచ్చిన తేదీ మీకు కచ్చితంగా తెలుస్తుంది.