ముప్పై దాటాక వంట: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో మా ఇంట్లో ఆదివారం పూట ఐదారుగురికి వంట నేర్పుతుంటాను. అందరూ ముప్పై దాటినవాళ్లే. అమ్మ పోయాక నేనూ ముప్పై నాలుగో ఏట గరిటె పట్టినవాణ్ణే. వచ్చినవాళ్లను వెనక్కి లాగే నమ్మకాలు కొన్నున్నాయి.

అపోహ: ఇష్టం ఉన్నవాళ్లకే వంట వస్తుంది.

నాకు ముందు వంటే వచ్చింది, ఇష్టం తర్వాత వచ్చింది. మొదటి రెండు నెలలూ రోజూ పప్పే వండాను. ఒక రాత్రి మూత తీస్తే అమ్మ వంటింటి వాసన వచ్చింది. గిన్నె ముందు చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మర్నాడు పొయ్యి దగ్గరికి వెళ్లడానికి బద్ధకం వెయ్యలేదు. అందుకే, నెలకి ఒక్క వంటకమే పట్టుకోండి, పది వద్దు అంటాను.

అపోహ: ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదు.

పప్పును ఉడకనివ్వనిది ఉప్పు కాదు, పులుపు. బద్దల్లో కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. చింతపండో టమాటానో ముందే పడితే అది సరిగా కరగదు. కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్లూ, నిలవైన పాత పప్పూ అంతే. ఇది తెలియక నా చేతిలోనే లోపం ఉందని వారాల తరబడి కుమిలిపోయాను. పక్కింటి ఒడియా పిన్నిగారు, మేం మావుసీ అంటాం, ఒకరోజు గిన్నెలోకి చూసి, "బాబూ, కుళాయి నీళ్లు పోసి చూడు, పులుపు ఆఖర్న వెయ్యి" అన్నారు. ఆ పూటే పప్పు వెన్నలా ఉడికింది.

దాల్మా అనే ఒడియా పప్పుకూర నేర్పిందీ ఆవిడే. కందిపప్పు, పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి, వంకాయ కలిపి ఉడికిస్తారు. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు. పులుపు ఉండదు కాబట్టి పప్పూ ముక్కలూ ఒకే గిన్నెలో హాయిగా మెత్తబడతాయి. పైన నేతిలో పంచఫుటణ అనే ఐదు దినుసుల పోపు, వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి.

పోపు గురించి ఒక్క మాట. నూనె పొగలు కక్కితేనే పోపు అనుకుంటారు, అక్కర్లేదు. ఆవాలు చిటపటమంటే చాలు. పంచఫుటణలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, కలోంజీ (నల్లజీలకర్ర) ఐదూ కలిసే పడతాయి. మంట తగ్గించకపోతే మెంతులు మాడి కూరంతా చేదెక్కుతుంది.

ఖరీదైన సామాను కూడా అక్కర్లేదు, దళసరి అడుగున్న గిన్నె ఒకటి చాలు.

అపోహ: ఒడియావాళ్ల వంట వేరు, మన తెలుగువాళ్ల వంట వేరు.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం ఉన్న ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడి వంటిళ్లు తరాలుగా గోడలు పంచుకున్నాయి. మా నాన్నమ్మ తరవాణి కుండలోనూ, మావుసీ పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం) గిన్నెలోనూ జరిగేది ఒకటే. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా తెల్లారేసరికి దాన్ని కమ్మగా పులియబెడుతుంది. మార్చి 20న ఒడియావాళ్లు పఖాళ దినం జరుపుకుంటారు. ఆ రోజు మా ఇంట్లో చద్దన్నం పక్కన మావుసీ పంపిన బొడి చూరా (నలిపిన మినప వడియాలు), నేను పెట్టిన ఆవకాయ రెండూ ఉంటాయి.