మాంసం మాయమై కొవ్వు మిగిలిన వైనం

అమెరికా ప్రభుత్వం ప్రజలకిచ్చే ఆహార సలహాలలో చాలాకాలం ఒక విచిత్రం ఉండేది. ఎక్కువ తినమన్నప్పుడు పండ్లు, కూరగాయలు అని పదార్థాల పేర్లు చెప్పేవారు. తగ్గించమనాల్సి వచ్చేసరికి సంతృప్త కొవ్వు (మాంసం, వెన్న వంటి వాటిలో ఎక్కువగా ఉండే కొవ్వు), సోడియం అంటూ పోషకాల పేర్లు ఎత్తుకునేవారు.

1977 జనవరిలో జార్జ్ మెక్‌గవర్న్ అధ్యక్షతన ఉన్న సెనేట్ సంఘం తన నివేదికలో మాంసం తగ్గించమని సూటిగానే రాసింది. పశువుల పెంపకందారులు భగ్గుమన్నారు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన రెండో కూర్పులో ఆ వాక్యం, సంతృప్త కొవ్వు తక్కువగా అందేలా మాంసాన్ని, కోడిని, చేపను ఎంచుకోమని మారిపోయింది. మెక్‌గవర్న్ 1980లో తన సెనేట్ స్థానం పోగొట్టుకున్నాడు గాని, ఆ ఓటమికి ఇదే కారణమనడం అతిశయోక్తి.

సంతృప్త కొవ్వును ఎంత తిట్టినా కోర్టుకెక్కే వ్యాపారి ఉండడు, ఎందుకంటే దాన్ని ఆ పేరుతో అమ్మేవారే లేరు. పైగా అది ఒకే పదార్థం కాదు. గొడ్డు మాంసపు కొవ్వులో 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం గుండెకు చేటు చేసే ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను పెంచుతుంది. 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని శరీరంలోని డీశాచురేజ్ ఎంజైము అసంతృప్తమైన ఓలియిక్ ఆమ్లంగా మార్చేస్తుంది కనుక దాని ప్రభావం అంతగా ఉండదు. ఈ లెక్కంతా మాంసం కొట్టు ముందు నిలబడిన మనిషి వేసుకోవాలి! మన ఇళ్లలో పథ్యం చెప్పే పెద్దలు వంకాయ, గోంగూర వద్దని పేరు పెట్టి చెబుతారు. వారు చెప్పే కారణం చాలాసార్లు నిలవదు గాని, ఏది మానాలో మాత్రం వినేవారికి సందేహం ఉండదు.

ప్రయోగశాలలో కొలవగలిగేది పోషకాన్నే కాబట్టి శాస్త్రవేత్తలకూ ఈ భాష సౌకర్యమే. ఆ సౌకర్యాన్ని పరిశ్రమ వాడుకుంది. చక్కెర పరిశ్రమ సంస్థ ఒకటి హార్వర్డ్ పరిశోధకులకు 6,500 డాలర్లు ఇచ్చి రాయించిన సమీక్ష 1967లో వెలువడి, గుండె జబ్బుకు నేరమంతా కొవ్వు మీదికి నెట్టింది. ఆ డబ్బు సంగతి 2016లో బయటపడింది. అంతమాత్రాన సంతృప్త కొవ్వు నిర్దోషి అయిపోదు.

అసలు చిక్కు వ్యవస్థలోనే ఉంది. 1980 నుంచి ఈ ఆహార సలహాలను మార్గదర్శకాల పేరుతో ఆరోగ్య శాఖతో కలిసి వెలువరిస్తున్నది వ్యవసాయ శాఖ. అమ్మిన ఒక్కో పశువు మీద ఒక డాలరు వసూలు చేసి గొడ్డు మాంసానికి ప్రచారం చేసే పథకాన్ని పర్యవేక్షించేదీ ఆ శాఖే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం తెచ్చిన మార్గదర్శకాలు, కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని సరుకు పేరు పెట్టే చెప్పాయి.