కార్డు ముక్క లాంటి మెయిల్, దానికి కవరు కోసం యాభై ఏండ్ల కొట్లాట

పోయిన నెల నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపుకు పోయిన. ఫోన్ల ఉన్న పట్టా పాసుబుక్కు కాపీ ఒకటి ప్రింట్ తీయాలె. షాపు పిల్లగాడు "మెయిల్ కొట్టు అన్నా" అని గోడకు అతికించిన కాగితం చూపించిండు, దాని మీద షాపు జీమెయిల్ ఐడీ ఉంది. పంపిన. ఆయన ఇన్‌బాక్స్ తెరిచిండు, నేను పక్కనే నిలబడ్డ కాబట్టి స్క్రీన్ మొత్తం కనిపించింది. వరుసగా ఆధార్లు, పాన్ కార్డులు, కులం సర్టిఫికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎవరో ఒకామె స్కానింగ్ రిపోర్టు. ఒక మెయిల్‌కైతే సబ్జెక్ట్ కాడనే ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ రాసి ఉంది. అది రాయకపోయినా ఒకటే అనుకోండి, ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ అంటే పేరుల మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. "ఇవన్నీ డిలీట్ చెయ్యవా తమ్మీ" అని అడిగితే "మళ్ళొచ్చి ఇంకో ప్రింట్ అడుగుతరు అన్నా, అందుకే ఉంచుత" అన్నడు.

పిల్లగాడు మంచోడు, అందరికీ సాయం చేస్తడు, ఆయనను అనడానికి ఏం లేదు. కానీ ఇంటికి వచ్చినంక నాకు మా అమ్మమ్మ యాదికొచ్చింది. మాది దేవరకొండ దిక్కు, తాత మేస్త్రి ఎంబడి బొంబాయి పోయి పని చేసేటోడు. పాలమూరు, దేవరకొండ దిక్కున సగం ఇండ్లల్ల ఇదే కథ. అమ్మమ్మకు రాయరాదు, బడికి పోయే మా మామతోని రాయించేది. అంతా బాగున్నం, వాన పడ్డది, దూడ పుట్టింది అని రాయాలంటే పోస్టుకార్డు ముక్క సాలు. అప్పు ముచ్చట, పొలం ముచ్చట, ఆడపిల్ల సంబంధం ముచ్చట అయితే మాత్రం ఇన్‌లాండ్ కొనాలె, రాసినంక మడతపెట్టి అన్నం మెతుకు నలిపి అంచులకు రాసి గట్టిగ ఒత్తాలె. పోస్టాఫీసు జిగురు ఉన్నా ఆమెకు మెతుకు మీదనే నమ్మకం. ఏది కార్డు మీద రాయాలె, ఏది కవర్ల పెట్టాలె అన్న తేడా చదువురాని ఆమెకు తెలుసు, గోప్యత అని చట్టం పుస్తకాల రాసేదాన్ని ఆమె గుట్టు అనేది, ఇంటి గుట్టు లంకకు చేటు అనేది.

ఇంకా ఎనక్కు పోతే ఇదే నల్లగొండ జిల్లాల 1946 నుంచి 1951 దాక సాయుధ పోరాటం నడిచినప్పుడు దళాల నడుమ చిట్టీలు మోసిన కొరియర్లు ఉండె, ఆడోళ్ళు, మీసాలు రాని పిల్లగాండ్లు కూడా. ఒక చిట్టీ పోలీసుల చేతికి దొరికితే ఊరికి ఊరే ఆగమయ్యే రోజులు. అట్లాంటి గడ్డ మీద పుట్టినోళ్ళం, "నా దగ్గర దాచేదేముంది, చూస్తే చూసుకోనీ" అని ఎట్ల అనగలుగుతున్నమో నాకు నిజంగా అర్థం కాదు.

సరే, మెయిల్ సంగతికి వస్త.

1971ల రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీద మెసేజ్ పంపిండు, పేరుకూ మెషీన్‌కూ నడుమ @ గుర్తు పెట్టింది ఆయనే. అప్పుడు ఆ నెట్‌వర్క్ల ఉన్నది కొన్ని యూనివర్సిటీలు, ల్యాబులు, ఒకరికొకరు ఎరికైనోళ్ళే, దాచుకునే అవసరం ఎవరికీ తోచలే. 1982ల జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ పద్ధతి వచ్చింది, ఇప్పటికీ మన మెయిల్ నడిచేది ఆ పద్ధతి మీదనే. దాంట్ల రాసింది రాసినట్టే పోతది, దారిల ఉన్న ప్రతి సర్వర్, అంటే మెయిల్ చేతులు మారే ప్రతి కంప్యూటర్, చదవొచ్చు. అంటే మెయిల్ పుట్టుకతోనే కార్డు ముక్క. మెయిల్ గుర్తుకు పెట్టిన బొమ్మ కవరుది, లోపల ఉన్నది కార్డు.

తర్వాత్తర్వాత సర్వర్ల నడుమ దారికి టీఎల్ఎస్ అనే తాళం వచ్చింది, ఈ రోజు చాలా కంపెనీలు వాడుతున్నయ్. దాన్ని నేను ఆర్‌ఎంఎస్ వ్యాన్‌కు, అంటే టపా సంచులు మోసే రైల్వే మెయిల్ సర్వీసు బండికి, వేసే తాళం అంట. వ్యాన్ పోయేటప్పుడు దొంగలు చూడలేరు, కానీ వ్యాన్ ఆగిన ప్రతి ఆఫీసుల సంచి విప్పుతరు, లోపల కార్డులు కార్డుల లెక్కనే ఉంటయ్.

కవరు తయారుచేసే ఉపాయం మాత్రం ఎస్‌ఎంటీపీ కంటే ముందే దొరికింది, ఇది నాకు అన్నిటికంటె బాధనిపించే ముచ్చట. 1976ల విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అని ఇద్దరు పబ్లిక్ కీ అనే ఆలోచన బయటపెట్టిన్రు, మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అని ముగ్గురు దాన్ని ఆర్‌ఎస్‌ఏ పేరుతో పనిల పెట్టి చూపించిన్రు. అంతకుముందు రహస్యంగ రాసుకోవాలంటే ఇద్దరి దగ్గర ఒకటే తాళంచెవి ఉండాలె, ఆ చెవిని పంపేదెట్ల అన్నదే పెద్ద పరేషాన్. వీళ్ళు ఏమన్నరంటే, తెరిచి ఉన్న తాళం కప్పలు ఊరందరికీ పంచు, చెవి మాత్రం నీ మొలతాడుకే కట్టుకో. ఎవరైనా నీకు ఏమన్న పంపాలంటే పెట్టెల పెట్టి నీ కప్ప వేసి చిటుక్కుమని ఒత్తుతరు, ఒత్తినంక వాళ్ళు కూడా తియ్యలేరు, నువ్వొక్కనివే తీస్తవ్. ఎన్‌క్రిప్టెడ్ మెయిల్, అంటే తాళం వేసిన మెయిల్, అని ఏది చెప్పినా దాని కడుపుల ఉన్నది ఇదే.

కానీ ఇది సర్కార్ల చేతుల, పెద్ద కంపెనీల చేతులనే ఉండిపోయింది. 1991ల అమెరికా సెనేట్ల ఒక బిల్లు వచ్చింది, సర్కారు అడిగితే మెసేజ్ మామూలు అక్షరాలల్ల ఇచ్చేటట్టు కంపెనీలు సిస్టమ్‌లు తయారుచెయ్యాలని దాని సారం. అణుబాంబులు వద్దని తిరిగే ఉద్యమాల పనిచేసిన ఫిల్ జిమ్మర్‌మన్ అనే ప్రోగ్రామర్‌కు ఇది సూడంగనే భయమైంది, చట్టం రాకముందే జనం చేతికి కవరు ఇయ్యాలని పీజీపీ అనే సాఫ్ట్‌వేర్ రాసి ఆ జూన్‌లనే పైసలు లేకుండ ఇచ్చేసిండు. అది దేశాలు దాటింది. ఆ కాలంల అమెరికాల గట్టి ఎన్‌క్రిప్షన్ ఆయుధాల లిస్టుల ఉండె, తుపాకులు, బాంబుల పక్కన. 1993ల ఆయన మీద విచారణ మొదలైంది, మూడేండ్లు నెత్తిమీద కత్తి లెక్క ఏలాడి 1996 జనవరిల కేసు పెట్టకుండనే మూసేసిన్రు. నడుమ 1995ల ఎంఐటీ ప్రెస్ పీజీపీ కోడ్ మొత్తాన్ని పుస్తకంగ అచ్చేసింది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ బయటికి పంపితే నేరం, పుస్తకం పంపితే మాట స్వేచ్ఛ. కాగితాలు స్కాన్ చేసి మళ్ళ కోడ్ చేసుకునుడే.

1999ల జర్మనీల వెర్నర్ కోహ్ అదే పద్ధతికి గ్నూపీజీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ తయారుచేసిండు. ఫ్రీ అంటే ఉచితం అనే అర్థం ఒక్కటే కాదు, కోడ్ ఎవరైనా విప్పి చూడొచ్చు, దాంట్ల దొంగ తలుపు ఉందా అని తనిఖీ చెయ్యొచ్చు. మన హైదరాబాద్ల స్వేచ్ఛ సంస్థోళ్ళు కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ను తెలుగుల తెచ్చిందీ, కాలేజీల చుట్టు తిరిగి చెప్తున్నదీ ఈ ముచ్చటనే. తాళం కంపెనీ చెప్పిన మాట నమ్ముడు వేరు, తాళం విప్పి చూసుకునుడు వేరు.

మరి ఇన్ని ఉన్నయ్ గదా, జనం ఎందుకు వాడలే? వాడుడు కష్టం కాబట్టి. చెవులు తయారుచేసుకోవాలె, దాచుకోవాలె, ఎదుటోని తాళంకప్ప అసలైనదేనా అని చూసుకోవాలె. 2012 చివర్ల అమెరికా నిఘా ఏజెన్సీ ఎన్‌ఎస్‌ఏల కాంట్రాక్టు మీద పనిచేసే ఎడ్వర్డ్ స్నోడెన్ తన దగ్గరున్న రహస్యాలు చెప్పడానికి గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అనే జర్నలిస్టుకు పీజీపీ పెట్టుకొమ్మని రాస్తే ఆయన పెట్టుకోలేకపోయిండు, చివరికి డాక్యుమెంటరీలు తీసే లారా పోయ్‌ట్రస్‌కు పీజీపీ వచ్చు కాబట్టి ఆమె ద్వారా ముచ్చట కదిలింది. రాతల మీదనే బతికే మనిషికే ఇది కాకపోతే మా ఊరి పంచాయతీ సెక్రటరీకి ఏమైతది చెప్పండి. ఇంకోదిక్కు 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది, 1 జీబీ జాగ, పైసా లేదు, అప్పట్ల అది మస్తు ఎక్కువ, అందరం ఎగబడ్డం. బదులుగ మన మెయిల్ల మాటలు మెషీన్ చదివి యాడ్లు చూపించేది, 2017ల గాని యాడ్ల కోసం చదువుడు ఆపుతమని గూగుల్ ప్రకటించలే.

2013 జూన్‌ల స్నోడెన్ బయటపెట్టిన కాగితాలతోని లెక్క తేలింది. ఎన్‌ఎస్‌ఏ ఎక్కువ సమాచారం గుంజిన దేశాల లిస్టుల మన దేశం ఐదో నంబర్, ఒక్క 2013 మార్చి నెలలనే ఇండియా నుంచి 630 కోట్ల సమాచార ముక్కలు ఆ ఏజెన్సీ గుంజుకున్నదని గార్డియన్ పత్రిక అచ్చేసింది. స్నోడెన్ వాడిన మెయిల్ సర్వీసు లావాబిట్, దాని ఓనర్ లాడర్ లెవిసన్‌ను ఎఫ్‌బీఐ సర్వర్ మొత్తం తాళంచెవి అడిగింది. ఆయనకు లక్షల యూజర్లు ఉన్నరు, ఒక్కని కోసం అందరి కవర్లు చింపుడెట్ల అని, ఆ చెవిని చీమ తలకాయంత అక్షరాలల్ల 11 పేజీల కాగితం మీద ప్రింట్ తీసి ఇచ్చిండు, ఎవరూ టైప్ చెయ్యలేనంత చిన్నగ. కోర్టు రోజుకు 5 వేల డాలర్ల జరిమానా అన్నది. చివరికి 2013 ఆగస్టు 8న దుకాణమే మూసేసిండు.

ఆ వేడిల పైకొచ్చినవే ఇప్పుడు మనం వినే పేర్లు. స్విట్జర్లాండ్ల సెర్న్ ల్యాబుల పనిచేసేటోళ్ళు 2014ల ప్రోటాన్‌మెయిల్ తెచ్చిన్రు, జనమే చందాలు వేసి నిలబెట్టిన్రు. జర్మనీ టుటనోటా అంతకుముందు నుంచే ఉంది, ఇప్పుడు పేరు టుటా. వీటిల చెవి మన పాస్‌వర్డ్‌తోనే ముడిపడి ఉంటది, కంపెనీ సర్వర్ల పడి ఉన్న మెయిల్ కంపెనీకే అర్థం కాదు. పీజీపీ కష్టం లేకుండ మామూలు మెయిల్ లెక్క తెరిస్తే సాలు. 2020 నుంచి థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ లోపలనే పీజీపీ పద్ధతి పెట్టిన్రు, విడిగ ఏం ఎక్కించుకునే పని లేదు. 2016ల వాట్సాప్ మెసేజ్‌లకు కూడా సిగ్నల్ అనే మెసేజ్‌ల యాప్ వాళ్ళ పద్ధతితోని కవరు పడ్డది.

ఇవి చెయ్యలేనివి కూడా చెప్పాలె, లేకపోతే మోసం చేసినట్టయితది. ప్రోటాన్ నుంచి ప్రోటాన్‌కు పోతే కవరు, ప్రోటాన్ నుంచి జీమెయిల్‌కు మామూలుగ పంపితే అవతల అది మళ్ళ కార్డే, పాస్‌వర్డ్ పెట్టి పంపితే తప్ప. ప్రోటాన్ల సబ్జెక్ట్ లైన్‌కు ఆ కాపుదల లేదు, టుటాల ఉంది. ఎవరు ఎవరికి ఎప్పుడు రాసిన్రు అన్నది, అంటే కవరు మీది అడ్రసు, పోస్టు ముద్ర, దాదాపు ఎక్కడైనా కనిపిస్తది. 2021ల స్విస్ అధికారుల ఆర్డరు మీద ఫ్రాన్స్ల ఒక పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రసు ప్రోటాన్ ఇచ్చింది కూడా. మెయిల్ల రాసింది ఇయ్యలే, ఇయ్యనీకే రాదు, ఎక్కడినుంచి తెరిచిన్రో ఇచ్చింది.

మన దేశం దిక్కు చూస్తే ఇంగ్లిషోళ్ళ కాలం నుంచే సర్కారుకు ఉత్తరం విప్పే, తంతి ఆపే హక్కు ఉంది, అప్పట్ల దానికి 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1898 పోస్టాఫీసు చట్టం ఉండె. 1986ల రాజీవ్ గాంధీ సర్కారు పోస్టు చట్టాన్ని మార్చి ఉత్తరాలు విప్పే అధికారం ఇంకా పెంచాలని బిల్లు పాస్ చేయిస్తే రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టకుండ పక్కకు పెట్టిండు. ఆ సంతకం పెట్టని చెయ్యికి నేనైతే దండం పెడత. 1996ల ఫోన్ ట్యాపింగ్ మీద పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసుల సుప్రీంకోర్టు హద్దులు గీసింది, ఫోన్ల మాట్లాడుకునుడు కూడా మనిషి సొంత బతుకుల భాగమే అన్నది. హద్దులు కాగితం మీద ఉన్నయ్, మన తెలంగాణల ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చిల బయటపడ్డప్పుడు ఏమైందో పేపర్లల్ల అందరం చదివినం.

2015 సెప్టెంబర్ల కేంద్రం ఒక ఎన్‌క్రిప్షన్ పాలసీ ముసాయిదా పెట్టింది, పంపిన మెసేజ్ మామూలు అక్షరాలల్ల 90 రోజులు దాచిపెట్టుకోవాలె, అడిగితే చూపించాలె అని. అమ్మమ్మ ఇన్‌లాండ్ అతికించి, దాని నకలు పటేల్‌కు చూపించడానికి మూడు నెలలు దాచుకున్నట్టు. దేశమంతా మొత్తుకుంటే కొద్దిరోజులల్లనే వాపసు తీసుకున్నరు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు కూసొని గోప్యత ప్రాథమిక హక్కే అని ఒక్క మాట మీద తీర్పిచ్చిన్రు, ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి.

అయితే అదే కర్ణాటక హైకోర్టు 2025 ఏప్రిల్ల ప్రోటాన్ మెయిల్‌ను దేశంల ఆపే పని మొదలుపెట్టుమని కేంద్రానికి చెప్పింది, ఒక కంపెనీల ఆడోళ్ళకు బూతు మెయిల్స్ వచ్చిన కేసుల. అంతకుముందు 2024ల చెన్నై బడులకు దొంగ బాంబు బెదిరింపులు వచ్చినప్పుడు కూడా ఆపుదమన్న ముచ్చట నడిచింది. ఆ మెయిల్స్ అందుకున్న ఆడోళ్ళ బాధ నిజం, పిల్లల తల్లిదండ్రుల భయం నిజం, పోలీసుల కష్టమూ నిజమే. అయినా ఒకడు కవర్ల విషం పెట్టి పంపిండని ఊర్ల కవర్లు అమ్ముడు బంద్ పెడితే, ఆడపిల్ల డాక్టర్‌కు రాసే ఉత్తరం, రైతు వకీలుకు రాసే ఉత్తరం, తహసీల్దార్ మీద ఫిర్యాదు పెట్టేటోని ఉత్తరం అన్నీ కార్డులే అయితయ్.

2023ల డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయ్, అసలు బాధ్యతలు మాత్రం ఆ రూల్స్ వచ్చిన 18 నెలలకు గాని అమలుల రావు. దాంట్ల సర్కారుకు ఇచ్చిన మినహాయింపులు చూస్తే నాకు మనసు కుదుట పడలే.

మొన్న శనివారం మళ్ళ ఆ జిరాక్స్ షాపుకు పోయిన, ఈసారి మెయిల్ కొట్టకుండ ఫోన్‌కు వైరు పెట్టి ప్రింట్ తీయించిన. గిరాకీ లేదు, పిల్లగాడు చాయ్ తెప్పించిండు. స్కానింగ్ రిపోర్టు ముచ్చట తీసి "గది మీ అక్కదైతే తమ్మీ?" అని అడిగిన. కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత ఇన్‌బాక్స్ తెరిచి కిందికి పోయిండు. 2019 నుంచి ఉన్నయ్. ఇద్దరం కూసొని ఏడాదికేడాది సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టినం, ట్రాష్ల నుంచి కూడా తీసేసినం, 2022ల సగం దాక వచ్చేసరికి హాల్‌టికెట్ల పిల్లలు వచ్చిన్రు. మిగిలినయ్ ఆదివారం పొద్దుగాల చేద్దమన్నడు.