టెహ్రాన్ వీధుల్లో జోలె పట్టిన పహిల్వాన్

కుస్తీ, పహిల్వాన్, వస్తాదు. మన తాలింఖానాల్లో వినపడే ఈ మాటలన్నీ పారసీ నుంచి వచ్చినవే. ఆ మాటలు పుట్టిన ఇరాన్‌లో కండలున్న ప్రతివాణ్నీ పహిల్వాన్ అనరు. జూర్‌ఖానాలో, అంటే అక్కడి పాతకాలపు వ్యాయామశాలలో, బరువైన కర్ర గదలు తిప్పడంతో పాటు జవాన్‌మర్దీ కూడా నేర్చుకోవాలి. పెద్దమనసు అనుకోండి. ఓడినవాణ్ని చులకన చేయకూడదు, లేనివాడికి అండగా నిలబడాలి. ఇరాన్ మల్లుడు గోలాంరెజా తఖ్తీకి దక్కిన అభిమానానికి మూలం అక్కడుంది.

1930లో దక్షిణ టెహ్రాన్‌లోని ఖానీఆబాద్ అనే పేదల పేటలో పుట్టాడు. ఫ్రీస్టైల్‌లో 1952 హెల్సింకి ఒలింపిక్స్ రజతం, 1956 మెల్‌బోర్న్‌లో స్వర్ణం, 1960 రోమ్‌లో మళ్లీ రజతం. 1959, 1961ల్లో ప్రపంచ చాంపియన్. గొప్ప లెక్కే. కానీ అదే మెల్‌బోర్న్‌లో స్వర్ణం గెలిచిన ఇమాం అలీ హబీబీకి ప్రపంచ స్వర్ణాలు మూడున్నాయి. అయినా పారసీ పురాణవీరుడు రుస్తుం బిరుదైన ‘జహాన్ పహ్లవాన్’, అంటే జగత్తుకే పహిల్వాన్, జనం నోట తఖ్తీకే స్థిరపడింది. పతకాలు లెక్కపెడితే ఇది అర్థం కాదు.

సోవియట్ మల్లుడు మెద్వెద్‌తో తలపడినప్పుడు, అతని కాలికి దెబ్బ తగిలిందని తెలిసి తఖ్తీ ఆ కాలి జోలికే పోలేదని ఇరాన్‌లో కథగా చెప్పుకుంటారు. ఎంత నిజమో గానీ, తఖ్తీ అలా చేసి ఉంటాడనే అందరి నమ్మకం.

1962 సెప్టెంబర్ 1న బూయిన్ జహ్రా భూకంపంలో పన్నెండు వేల మందికి పైగా పోయారు. తఖ్తీ టెహ్రాన్ వీధుల్లో నడుస్తూ బాధితుల కోసం జోలె పట్టాడు. జనం డబ్బు, దుప్పట్లు, ఒంటిమీది బట్టలు కూడా ఇచ్చారు. సర్కారు అడిగితే రానిది ఒక కుస్తీవాడు అడిగితే వచ్చింది. ఇరాన్ రాజు షాకు ఇది రుచించే సంగతి కాదు. పైగా తఖ్తీ, 1953 కుట్రలో పదవి పోయిన ప్రధాని మొసాద్దిగ్‌ను అభిమానించేవాడు. ఆయన అనుచరుల నేషనల్ ఫ్రంట్‌లో బాహాటంగానే తిరిగాడు.

1964 టోక్యోలో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. వయసు మీద పడింది, పతకం రాలేదు. అభిమానం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

1968 జనవరి 7న టెహ్రాన్‌లోని ఒక హోటల్ గదిలో శవమై కనిపించాడు. అప్పటికి 37 ఏళ్లు, కొడుక్కి ఇంకా ఏడాది నిండలేదు. ఆత్మహత్య అని ప్రభుత్వం ప్రకటించింది. చాలామంది నమ్మలేదు, షా రహస్య పోలీసు సావాక్ పనేనన్నారు. దానికి రుజువు నేటికీ లేదు. అంత్యక్రియలకు జనం విరగబడ్డారు.

ఇప్పుడు ఇరాన్‌లో ఎన్నో ఊళ్ల స్టేడియాలకు తఖ్తీ పేరే. ఏటా వర్ధంతికి, రే పట్టణంలో ఇబ్న్ బాబూయే శ్మశానంలోని ఆయన సమాధి దగ్గరికి మల్లులూ అభిమానులూ వస్తారు.