మేపుల్ మీది పేనుబంక: రంగు చూసి పేరు పెట్టేయకండి

పేనుబంక నమూనాలు గుర్తించడం నా రోజువారీ పని. మేపుల్ చెట్టు ఆకు మీది పేనుబంక ఫొటో ఒకటి పంపి "పచ్చగా ఉందండీ, ఇది ఏ రకం?" అని అడిగేవాళ్లు చాలామంది, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: రంగును బట్టి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) చెప్పేయొచ్చు.

చెప్పలేం. ఒకే జాతి వసంతంలో ఒక రంగు, ఎండలు ముదిరాక ఇంకో రంగు, దాచడానికి ఆల్కహాల్‌లో వేస్తే ఆ రంగూ పోతుంది. పదిరెట్ల లెన్స్ తీసుకుని ముందు వీపు చివరనుండే రెండు గొట్టాలు చూడండి, వీటినే కార్నికిల్స్ అంటాం. పొట్టిగా మొద్దుల్లా ఉండి, ఒంటినిండా పొడవాటి వెంట్రుకలుంటే అది దాదాపుగా పెరిఫిల్లస్ ప్రజాతి. గొట్టాలూ మీసాలూ బాగా పొడవుగా, ముందుకాళ్ల తొడలు లావుగా ఉంటే డ్రెపనోసైఫమో డ్రెపనాఫిసో అయ్యుంటుంది. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. పొట్ట పైన వేళ్లలా పొడుచుకొచ్చిన బొడిపెలు కనిపిస్తే డ్రెపనాఫిస్ వైపు వెళ్లండి, అది ఉత్తర అమెరికా మేపుల్స్ మీది ప్రజాతి.

అపోహ: రెక్కలొచ్చాయంటే వేరే చెట్టుకు మారబోతున్నట్టే.

సికమోర్ మేపుల్ మీద ఉండే డ్రెపనోసైఫం ప్లాటనాయిడిస్‌లో పిల్లల్ని కనే పెద్ద ఆడవన్నీ రెక్కలవే. రెక్కల్లేని ఆడవి శరత్కాలంలో, గుడ్లు పెట్టడానికే వస్తాయి.

అపోహ: ఎండాకాలం ఆకు కింద అతుక్కున్న చదును చుక్కలు పొలుసు పురుగులో, చచ్చిన పేనుబంకో.

నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. అవి బతికే ఉన్నాయి! పెరిఫిల్లస్ పిల్లలు కొన్ని ఎండాకాలంలో ఎదుగుదల ఆపేసి, చల్లబడేదాకా అలాగే ఉండిపోతాయి. పెరిఫిల్లస్ టెస్ట్యుడినేసియస్ పిల్లను మైక్రోస్కోప్ కింద పెడితే, పల్చటి ఒంటి అంచు చుట్టూ వెంట్రుకలకు బదులు చిన్న చిన్న ఆకుల్లాంటి రేకులు విసనకర్రల్లా పరుచుకుని కనిపిస్తాయి. వసంతంలో అదే చెట్టు లేతకొమ్మల మీద గుంపుకట్టిన ముదురు రంగు పురుగుల సంతానం ఇదంటే మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు.

తెల్లటి పత్తిలా ఉంటే ప్రొసిఫిలస్ అనే ఇంకో పేనుబంక ప్రజాతి కావచ్చు, పొలుసు పురుగూ కావచ్చు, కాస్త పత్తి తొలగించి చూడండి.

అపోహ: మేపుల్ మీద దొరికితే మేపుల్ పేనుబంకే.

రెక్కలున్నవి ఎక్కడినుంచో గాలికి కొట్టుకొచ్చి ఏ ఆకు మీదైనా వాలతాయి. ఒంటరిగా ఒకటే దొరికితే పేరు పెట్టకండి, పక్కన దాని పిల్లలు కూడా ఉన్నాయేమో వెతకండి, ఉంటే వాటినీ కలిపి ఒకే సీసాలో వేయండి, చెట్టు పేరు, తేదీ రాసిపెట్టండి.