దెబ్బ ఎలా తగిలిందో చెప్పని రిజిస్టర్లు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి దగ్గర బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలితే ఇంటివాళ్లు బరంపురం తీసుకెళ్లొచ్చు, పాతపట్నం మీదుగా ఆంధ్రలోని శ్రీకాకుళమూ తీసుకెళ్లొచ్చు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత ప్రయాణానికి అడ్డు రాదు. గాయాల లెక్కకే అడ్డొస్తుంది. ఒకే మనిషి రెండు చోట్ల రెండు కేసులవుతాడు, లేదా ఎవరి లెక్కలోనూ ఉండడు.

ఆస్పత్రుల్లో గాయాలకు మొదటినుంచీ ఉన్నది మెడికోలీగల్ రిజిస్టరు. అది కోర్టు కోసం పుట్టింది. గాయం పొడవు, లోతు, పోలీసులకు తెలిపిన సమయం అందులో ఉంటాయి. హెల్మెట్ ఉందా, ఏ మలుపు దగ్గర పడ్డాడు అన్నవి ఉండవు. కల్లు తీసే జీలుగు చెట్టు మీంచి పడి నడుము విరిగినవాడైతే చాలాసార్లు అందులోకే ఎక్కడు.

గాయానికో కోడ్, కారణానికో కోడ్ విడిగా ఇవ్వడం 1948 నాటి అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఆరో సవరణ నుంచీ ఉంది. పదో సవరణలో తొడ ఎముక విరిగితే ఎస్72, చెట్టు మీంచి పడితే డబ్ల్యూ14. కేస్ షీట్లో మొదటిది దొరుకుతుంది. నివారణకు కావలసింది రెండోది.

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి గాయాల నమోదుకు తెచ్చిన మార్గదర్శకాలు కనీసం ఎనిమిది వివరాలు చాలన్నాయి: గుర్తింపు సంఖ్య, వయసు, లింగం, ఉద్దేశం (పొరపాటా, కావాలనా), జరిగిన చోటు, అప్పుడు చేస్తున్న పని, ఎలా జరిగింది, గాయం స్వభావం. వీటిని ఓపీ చీటీ వెనకే అచ్చేయించాలి. వేరే పుస్తకం పెడితే రాత్రి డ్యూటీలో ఖాళీగా మిగులుతుంది. వారానికోసారి అడ్మిషన్ రిజిస్టరుతో పోల్చితే ఎన్ని జారిపోయాయో తెలుస్తుంది. ‘కింద పడ్డాడు’ అని రాసి వదిలేస్తే ఆ కాగితం దండగ. ఎక్కడినుంచి, ఏం చేస్తూ అన్నది రాయాలి.

అన్నిటికన్నా కష్టం ‘ఉద్దేశం’ గడి. పురుగుమందు తాగినవాళ్ల ఇంటివాళ్లు ‘పొరపాటున’ అంటారు. దశాబ్దాల పాటు ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నం నేరం. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని చాలావరకు సడలించింది, ఐపీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. భయం మాత్రం మిగిలింది. పొరపాటైతే ఎక్స్48, కావాలని తాగితే ఎక్స్68. మొదటిదానికి మందు నీళ్ల సీసాలో పోయకుండా చూడాలి, రెండోదానికి అత్యంత విషపూరితమైన మందులనే అమ్మకం నుంచి తీసేయాలి. అందుకే ఈ గడి ఇంటివాళ్లను బయటికి పంపి, రోగినే నెమ్మదిగా అడిగి నింపాలి. లెక్కల కోసం పంపే నకలులో పేరు ఉండకూడదు.

ఊరి పేరు ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా పడుతుంది కాబట్టి జనగణన గ్రామ కోడ్ వేయాలి. రిఫరల్ చీటీ మీద మొదటి ఆస్పత్రి ఇచ్చిన సంఖ్యనే రెండో ఆస్పత్రీ ఎక్కించుకోవాలి.