గోళీ ఎప్పుడు జారుతుంది?

గోవా ప్రయాణం పెట్టుకున్న ఒక పాఠకుడు అడిగాడు: "మాండవి నదిలో ఓడల మీద క్యాసినోలున్నాయి కదండీ, అక్కడ రూలెట్ ఎలా ఆడాలి? ఫిజిక్సు తెలిసినవాడికి అందులో ఏమైనా లాభముంటుందా?" మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క పేరాలో అయిపోతుంది. రెండోదే అసలు సరుకు.

చక్రం మీద 0 నుంచి 36 దాకా 37 గడులుంటాయి. డీలరు చక్రాన్ని ఒక వైపు తిప్పి, దాని చుట్టూ ఉన్న పళ్ళెం అంచున గోళీని ఎదురు దిశలో విసురుతాడు. గోళీ ఏ గడిలో ఆగితే ఆ అంకె నెగ్గినట్టు. ఒక్క అంకె మీద కాస్తే ఒకటికి 35 ఇస్తారు, ఎరుపు-నలుపుల మీద ఒకటికి ఒకటి, పన్నెండేసి అంకెల గుంపు మీద ఒకటికి రెండు. గడులు 37 కాబట్టి న్యాయంగా 36 ఇవ్వాలి, ఇచ్చేది 35. ఆ ఒక్క రూపాయి మీదే క్యాసినో బతుకుతుంది: వందకి 2.7. అమెరికాలో 00 అని ఇంకో గడి చేర్చి దాన్ని 5.26 చేసుకున్నారు. పోయినప్పుడల్లా పందెం రెట్టింపు చేసినా సరే, అంకెల్ని ఏ వరసలో పట్టుకున్నా సరే, ఆ శాతం కదలదు. ఆట ఇంతే.

ఇక నమ్మకాలు. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటీ కార్లో క్యాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. పదిహేను దాటినప్పటి నుంచీ జనం "ఇప్పుడిక ఎరుపు రాక చస్తుందా" అని ఎరుపు మీద కుమ్మరించి చేతులు కాల్చుకున్నారు. 1 నుంచి 36 దాకా కూడితే 666 వస్తుందని, ఇది సైతాను ఆట అని ఐరోపాలో ఇంకో కథ. మనమూ తక్కువ తినలేదు. బండికి 9999 కావాలని ఆర్టీఏ వేలంలో లక్షలు పోసేవాళ్ళు రూలెట్ బల్ల దగ్గర తొమ్మిది మీద కాయకుండా ఉంటారా? గోళీకి మాత్రం అంకెలు తెలియవు. అంకె అనేది గడి మీద వేసిన రంగు. గోళీకి ఉన్నవి రెండే: ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది.

కాబట్టి నేను అడిగే ప్రశ్న ఇది. డీలరు చేతిలోంచి విడిపోయాక గోళీని ఎవరూ ముట్టుకోరు. గాలి, గురుత్వాకర్షణ, కర్ర అంచు, అంతే. మరి అది ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేమా? ఆటలోనే దానికో సందు ఉంది. గోళీ తిరుగుతుండగా కూడా పందెం కాయొచ్చు. "నో మోర్ బెట్స్" (ఇక పందేలు చాలు) అని డీలరు అరిచేదాకా చిప్స్, అంటే డబ్బుకి బదులు వాడే బిళ్ళలు, పెడుతూనే ఉండొచ్చు. ఆ కొన్ని సెకన్లలో కొలవగలిగితే చాలు.

ఏం కొలవాలి? దీనికి జవాబు ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులోనే ఉంది. హైవే మీద పెద్ద మలుపు వచ్చినచోట బయటి అంచు ఎత్తుగా, లోపలి అంచు పల్లంగా రోడ్డు వేస్తారు. ఆ వాలుకి తగ్గ వేగం ఒకటుంటుంది. వాలు కోణం టాంజెంటుని వ్యాసార్ధంతో, గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. పరీక్షలో నాలుగు మార్కులకో ఎనిమిది మార్కులకో ఉత్పాదించి, హాలు బయటికి రాగానే మరిచిపోయే సూత్రం. ఆ వేగం కంటే ఎక్కువ పోతే లారీ బయటికి నెట్టుకుంటుంది, తక్కువ పోతే లోపలికి జారబోతుంది. టైర్ల ఘర్షణ పట్టుకుంటుంది కాబట్టి నిజంగా జారదు.

ఇప్పుడు ఆ మలుపుని గుండ్రంగా కలిపేసి, బయటి అంచుకి గోడ కట్టి, రోడ్డు మీద నూనె పోయండి. రూలెట్ పళ్ళెం వచ్చేసింది. వేగంగా ఉన్నంతసేపూ గోళీ గోడకి ఒత్తుకుని తిరుగుతుంది. వేగం తగ్గుతూ తగ్గుతూ ఆ ఒక్క విలువకి చేరిన క్షణాన గోడ దాన్ని నెట్టాల్సిన పని ఉండదు. మరుక్షణం గోళీ లోపలికి జారుతుంది. పక్కకి పట్టి ఆపే టైర్లు దానికి లేవు. సూత్రంలో ద్రవ్యరాశి లేదు చూడండి, ఖాళీ లారీకైనా ఇసుక లారీకైనా అదే వేగం. డీలరు ఎంత గట్టిగా విసిరాడన్నదీ లేదు. గట్టిగా విసిరితే ఎక్కువ చుట్లు తిరుగుతుందే తప్ప జారే వేగం మారదు. ఉదాహరణకు వాలు 17 డిగ్రీలు, వ్యాసార్ధం 38 సెంటీమీటర్లు అనుకుంటే జారే వేగం సెకనుకు 1.07 మీటర్లు, అంటే చుట్టుకి 2.24 సెకన్లు. ఈరోజూ అంతే, రేపూ అంతే. సంభావ్యతను లెక్కల పుస్తకంలోనూ, వాలు రోడ్డును ఫిజిక్సు పుస్తకంలోనూ పెట్టి, రెండూ ఒకే బల్ల మీద కలుస్తాయని పిల్లలకు చెప్పకపోవడం మన చదువుల్లో నాకు నచ్చని సంగతి.

గోళీని ఆపేది ముఖ్యంగా గాలి అనుకుందాం. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో ఉంటే, ప్రతి చుట్టు కాలం దాని ముందు చుట్టు కాలానికి ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది. ఆ నిష్పత్తి 1.1 అనుకోండి. ఒక చుట్టు 0.8 సెకన్లు పట్టిందని కొలిచాం. 2.24 చేరాలంటే ఇంకెన్ని చుట్లు? 2.24ని 0.8తో భాగిస్తే 2.8. దాని లాగరిథమ్‌ని 1.1 లాగరిథమ్‌తో భాగిస్తే 10.8 చుట్లు. అంటే గోళీ పళ్ళెంలో ఏ మూల జారుతుందో పది చుట్ల ముందే చెప్పేశాం! చక్రం వేగం కూడా కొలిచి ఉంటే అప్పటికి ఏ గడులు ఆ మూలకి వస్తాయో తెలుస్తుంది.

తప్పు ఎంత వస్తుంది? కొలతలో 8 మిల్లీసెకన్లు, అంటే ఒక్క శాతం పొరబడితే చుట్టులో పదో వంతు తేడా, దాదాపు నాలుగు గడులు. ఒక్క అంకెని పట్టుకోలేం. ఒక ప్రాంతాన్ని పట్టుకోగలం.

1960 నవంబరులో ఎడ్వర్డ్ థార్ప్ అనే కుర్ర గణితజ్ఞుడు ఎం.ఐ.టి.లో క్లాడ్ షానన్ దగ్గరికి బ్లాక్‌జాక్ పేకాట మీద తను రాసిన పత్రం పట్టుకుని వెళ్ళాడు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన షానన్, "ఇంకేమైనా ఉందా?" అన్న ధోరణిలో ఆరా తీస్తే రూలెట్ సంగతి బయటికొచ్చింది. ఇద్దరూ నెవాడా రాష్ట్రంలోని క్యాసినోల ఊరు రీనో నుంచి 1,500 డాలర్లకి అసలు సిసలు చక్రాన్ని తెప్పించి షానన్ ఇంట్లో బిలియర్డ్స్ బల్ల మీద పెట్టారు. తయారైన యంత్రం సిగరెట్ పెట్టె అంత, అందులో 12 ట్రాన్సిస్టర్లు. ఒంటిమీద తొడుక్కున్న మొట్టమొదటి కంప్యూటర్ అదేనంటారు. చుట్ల కాలం కొలవడానికి బూటులో కాలి బొటనవేలి కింద స్విచ్చి. చక్రాన్ని ఎనిమిది భాగాలు చేసి ఒక్కో దానికి ఒక్కో స్వరం ఇచ్చారు. చెవిలో చివరగా వినబడ్డ స్వరం ఏదో, ఆ భాగంలోని ఐదు అంకెల మీద కాయాలి.

1961 వేసవిలో భార్యలతో సహా లాస్ వేగస్ వెళ్ళారు. యంత్రం పనిచేసింది. పని చేయనిది చెవి దాకా వెళ్ళే తీగ, వెంట్రుక మందాన ఉండి ఊరికే తెగిపోయేది. ఒకసారి పక్కనున్నావిడ థార్ప్ వంక చూసి హడలిపోయింది. చెవిలోంచి ఆ బుల్లి స్పీకరు పురుగులా బయటికి వచ్చేసింది మరి.

వాళ్ళు లెక్కగట్టిన లాభం వందకి 44. ఇది వినగానే యంత్రం చాలా కచ్చితంగా చెప్పేదనుకుంటాం. అదేం కాదు. 38 గడుల అమెరికా చక్రం మీద గుడ్డిగా ఐదు అంకెల మీద కాస్తే వందలో 13.2 సార్లు తగులుతుంది. 44 శాతం లాభానికి వందలో 20 సార్లు తగిలితే సరిపోతుంది. అంటే వందలో 80 సార్లు యంత్రం తప్పు చెప్పినా సరే! ఎందుకింత తప్పు? గోళీ జారాక పళ్ళెంలో బిగించిన లోహపు అడ్డుకట్టలకి కొట్టుకుని, గడుల గోడల మీద ఎగిరెగిరి పడుతుంది. అక్కడ మన వాలు రోడ్డు సూత్రం చెల్లదు. అయితే ఆ ఎగురుళ్ళు గోళీని చక్రమంతా సమంగా చల్లలేవు. మిగిలిన ఆ కాస్త మొగ్గే లాభం.

తర్వాత డెబ్భైల చివర్లో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో డోయన్ ఫార్మర్, నార్మన్ ప్యాకర్డ్ బృందం మైక్రోప్రాసెసర్‌ని ఏకంగా బూటులోనే దాచింది. 1985లో లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రం ఇలాంటి పరికరాలన్నిటినీ చట్టంతో నిషేధించింది. 2004లో లండన్ రిట్జ్ క్యాసినోలో ముగ్గురు 13 లక్షల పౌండ్ల దాకా గెలిస్తే ఫోనులో లేజరు దాచారని పోలీసులు అనుమానించారు. చివరికి కేసు పెట్టలేదు, డబ్బూ వాళ్ళదే అయింది. 2012లో మైకేల్ స్మాల్, చీ కాంగ్ త్సే ప్రచురించిన పత్రంలో ఇదే పద్ధతికి 18 శాతం లాభం తేలింది. బల్ల కాస్త ఒరిగి ఉంటే పని ఇంకా సులువని కూడా వాళ్ళు చూపించారు. రోడ్డు మలుపులో ఒకచోట వాలు ఎక్కువ, ఒకచోట తక్కువ ఉన్నట్టన్నమాట. గోళీ ఎక్కువసార్లు ఒకే మూల జారుతుంది. అంచనా వేయాల్సిన భారంలో సగం బల్లే మోస్తుంది.

క్యాసినోల దగ్గర దీనికి మందు ఉంది, పైసా ఖర్చు లేనిది. డీలరు "నో మోర్ బెట్స్" రెండు మూడు సెకన్లు ముందు అనాలి. అప్పుడు 0.8 సెకన్ల చుట్టు బదులు 0.5 సెకన్ల చుట్టుని కొలవాల్సి వస్తుంది. అదే 8 మిల్లీసెకన్ల పొరపాటు ఇప్పుడు 1.6 శాతం, అంటే ఆరు గడులు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. గాలి నిరోధం విలువలో 2 శాతం తేడా ఉందనుకోండి, గోళీకి చేతి జిడ్డు అంటినా రావొచ్చు. మిగిలిన చుట్లు 10.8 అయితే ఆ తేడా ఎనిమిది గడులు. చుట్లు 15.7కి పెరిగితే పన్నెండు గడులు, చక్రంలో మూడో వంతు. ఐదు అంకెల పందెం అక్కడ చెల్లదు. అందుకే బల్ల దగ్గర ఎవరైనా ఆలస్యంగా కాస్తూ గెలుస్తున్నాడని అనిపిస్తే పిట్ బాస్ (బల్లల మీద అజమాయిషీ చేసే క్యాసినో ఉద్యోగి) వాడి బూట్లు వెతకక్కర్లేదు, డీలరు చెవిలో ఒక మాట చెబితే చాలు.